లెక్క రాసే చెయ్యి

 

పనిచోట నీతి అనే విషయం మీద సాహిత్య సదస్సును హైదరాబాదులో ఏసీ హాలు చూసుకుని పెట్టకుండా రుద్రూర్‌లో పెట్టినందుకు నిర్వాహకులను మెచ్చుకోవాలి. ఇక్కడ ఉదాహరణలు వెతుక్కునే పని లేదు. నిజాంసాగర్ నీళ్లు తాగే పొలాలు, ఆ వడ్లు మరాడించే మిల్లులు, దగ్గర్లోనే బోధన్‌లో మూతబడ్డ చక్కెర ఫ్యాక్టరీ, ఊరూరా వాకిట్లో చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు. మన పాఠ్యగ్రంథం బయటే ఉంది.

పెద్ద కంపెనీలన్నిటికీ ఇప్పుడు నైతిక నియమావళి ఉంటుంది. వివక్ష కూడదు, వేధింపు కూడదు, లంచం కూడదు, దొంగ లెక్క కూడదు, భద్రత ముఖ్యం. ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టించుకుంటారు. వాటిలో తప్పు పట్టడానికేమీ లేదు. కానీ ఆ జాబితాలో కనిపించని ప్రశ్న ఒకటుంది. చేసిన పనికి లెక్క రాసేదెవరు? పనిచేసినవాళ్లు ఆ లెక్క చూడగలరా, తప్పని చెప్పగలరా? మిగతా సమస్యల్లో చాలా భాగం ఈ ప్రశ్న కిందికే వస్తుందని నా అభిప్రాయం. ఒప్పుకోనివాళ్లు మధ్యాహ్నం చర్చలో నన్ను నిలదీయవచ్చు.

బీడీల సంగతే చూడండి. కూలి వెయ్యికి ఇంత అని ఉంటుంది. ఆకు, తంబాకు, దారం టేకేదారు ఇస్తాడు. ఇచ్చిన ఆకులో చిల్లులవీ ఎండినవీ పోను వెయ్యి బీడీలు పూర్తి కాకపోతే చుట్టే ఆమె సొంత డబ్బుతో ఆకు కొని పూర్తిచేస్తుంది. చుట్టినవి కార్ఖానాకు తీసుకుపోతే, బాగా లేవని కొన్ని పక్కకు తీస్తారు. వాటికి కూలి రాదు. ఆకు తూచేది ఆయనే, బీడీ చూసేది ఆయనే, పుస్తకంలో రాసేది ఆయనే.

ఇది మనం ఇప్పుడు కొత్తగా కనిపెట్టిన అన్యాయం కాదు. 1966లో పార్లమెంటు బీడీ, సిగార్ కార్మికుల కోసం చట్టం చేసినప్పుడే దాన్ని గుర్తించింది. ముడిసరుకు ఇవ్వడంలో, బీడీలు పక్కకు తీయడంలో, అలా తీసినవాటి కూలిలో వచ్చే తగాదాలను తేల్చడానికి ప్రభుత్వం ఒక అధికారిని పెట్టాలని 39వ సెక్షన్‌లో రాసింది. ఒక దేశపు పార్లమెంటు కూర్చుని, పక్కకు తీసిన బీడీల కోసం ఒక సెక్షన్ రాసిందంటే అది ఎంత పెద్ద తగాదా అయ్యుండాలి! యజమానులు ఆ చట్టం మీద సుప్రీంకోర్టుకు వెళ్లారు. మంగళూరు గణేశ్ బీడీ వర్క్స్ కేసులో 1974లో కోర్టు చట్టాన్ని నిలబెట్టింది. ఇంట్లో కూర్చుని చుట్టే మనిషి కూడా కార్మికురాలేనన్న మాట అలా గట్టిపడింది.

చట్టం నిలబడింది గాని పుస్తకం మాత్రం చేతులు మారలేదు. 1977 నుంచి బీడీ పరిశ్రమకు ప్రావిడెంట్ ఫండ్ వర్తిస్తోంది. పేరు ఎక్కిస్తే యజమాని తన వాటా కట్టాలి. కాబట్టి నలుగురు చుట్టిన బీడీలను ఒక్కరి పేరు మీద రాస్తే యజమానికి ఖర్చు తగ్గుతుంది. ఆ పేరు లేకపోవడం ఎంత నష్టమో తెలంగాణ వచ్చాక తెలిసింది. రాష్ట్ర ప్రభుత్వం బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల భృతి మొదలుపెట్టింది, తర్వాత 2,016 చేసింది. కానీ మొదట పెట్టిన షరతు 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉండాలని. చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టి వేళ్లు అరిగిన మనిషి, ఖాతా లేదు గనుక బీడీ కార్మికురాలు కాకుండా పోయింది. కార్ఖానాలో ఒకరు రాయని గీత, పదేళ్లకో ఇరవయ్యేళ్లకో సర్కారు దఫ్తరులో ఆమెకు అడ్డం వచ్చింది. అప్పుడు ఆ పేరు రాయనివాడికి తాను నేరం చేస్తున్నానన్న ఊహ కూడా వచ్చి ఉండదు. నన్ను ఎక్కువ భయపెట్టేది అదే.

వడ్ల కాంటా దగ్గర తరుగు గురించి ఈ సభలో రైతు బిడ్డలకు నేను చెప్పేదేముంది. తేమ అంటారు, తాలు అంటారు, బస్తాకు ఇంత తీస్తారు. తేమ కొలిచే మిషను ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసు.

బోధన్ దగ్గర మాత్రం కొంచెం ఆగుతాను. 1937లో మొదలైన నిజాం షుగర్ ఫ్యాక్టరీ చుట్టూ శక్కర్‌నగర్ అనే ఊరే లేచింది. దాన్ని నమ్ముకుని ఈ చుట్టుపక్కల చెరకు పెరిగింది, రుద్రూర్‌లో చెరకు పరిశోధన జరిగింది. 2002లో 51 శాతం వాటాతో అది ప్రైవేటు చేతికి పోయింది. 2015 డిసెంబరు 23న లే ఆఫ్. 2019లో కంపెనీ లా ట్రిబ్యునల్ లిక్విడేషన్‌కు ఆదేశించింది. ఫ్యాక్టరీ నష్టాల్లో ఉంటే మూయకూడదా అని అడిగేవాళ్లున్నారు. మూయవచ్చు. కాని నష్టం ఎలా వచ్చిందో, జీతం బాకీ ఎంతో, ఎప్పుడిస్తారో కార్మికుడికి చెప్పకుండా మూయడం మీద నాకు పేచీ ఉంది. 'లే ఆఫ్' అంటే ఉద్యోగం ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు. ఆ రెంటి మధ్య మనుషులను ఏళ్ల తరబడి నిలబెట్టడాన్ని నీతి లెక్కలో ఏ పద్దు కింద రాయాలి?

ఇంకో లెక్క హైదరాబాదులో జరిగింది. 2008 సెప్టెంబరులో సత్యం కంప్యూటర్స్‌కు మంచి కార్పొరేట్ పాలన పేరు మీద గోల్డెన్ పీకాక్ అవార్డు వచ్చింది. 2009 జనవరి 7న ఆ కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు తన ఉత్తరంలో, బ్యాలెన్స్ షీటులో చూపిన 5,361 కోట్ల నగదులో 5,040 కోట్లు లేనే లేవని ఒప్పుకున్నారు. అందరూ ఆ ఒక్క మనిషి గురించే మాట్లాడారు. నాకు ఆసక్తి ఉన్నది 7,561 మీద. సీబీఐ లెక్కగట్టిన దొంగ ఇన్వాయిస్‌ల సంఖ్య అది. అన్నిటినీ ఛైర్మన్ తన చేత్తో తయారుచేయలేదు కదా. 2015 ఏప్రిల్ 9న ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన పదిమందిలో సంస్థ మాజీ ఉద్యోగులు ముగ్గురున్నారు. తర్వాత పై కోర్టు శిక్షల అమలు నిలిపింది, అది వేరే సంగతి. పొద్దున క్యారేజీ కట్టుకుని ఆఫీసుకు వెళ్లి, పైవాళ్లు చెప్పినట్టు అంకెలు ఎక్కించి, సాయంత్రం ఇంటికి వచ్చే మనిషి మనలో ఎవరైనా కావచ్చు.

నిజం చెప్పినవాళ్లు లేరా? 2008 డిసెంబరులో ఒకరు సత్యం కంపెనీ డైరెక్టరుకు ఈమెయిల్ రాశారు, జోసెఫ్ అబ్రహాం అనే కల్పిత పేరుతో. యాభై వేల మందికి పైగా పనిచేసే కంపెనీలో నిజం చెప్పడానికి సొంత పేరు పనికిరాలేదు. రాన్‌బాక్సీ మందుల కంపెనీలో దినేశ్ ఠాకూర్ పరీక్షల వివరాలు కల్పితమని కనిపెట్టి, 2005లో ఉద్యోగం వదిలి, అమెరికా అధికారులకు చెప్పారు. ఆ కంపెనీ నేరం ఒప్పుకుని 50 కోట్ల డాలర్లు కట్టడానికి అంగీకరించింది 2013లో. ఎనిమిదేళ్లు! వెనక వరుసల్లో ఉన్న ఇక్కడి ఫుడ్ టెక్నాలజీ కళాశాల పిల్లలూ, మీరు రేపు ఆహార కంపెనీల ల్యాబుల్లో కూర్చుంటారు. ఫలానా బ్యాచ్ పాసైందని రాయమని మీ మీదివాళ్లు చెప్పే రోజు వస్తుంది. ఆ రోజు ధైర్యంగా ఉండండని మాత్రం నేను అనను. అది వేదిక మీద నిలబడి చెప్పడానికి తేలిక. అలాంటప్పుడు ఎవరికి రాయాలో, రాసిన కాగితం నకలు ఎక్కడ దాచుకోవాలో ఉద్యోగంలో చేరిన మొదటి నెలలోనే తెలుసుకోండి.

కొన్నిచోట్ల రాయాల్సిన లెక్క మనుషులదే. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచి ఫ్యాక్టరీ పేలింది. నలభై మందికి పైగా చనిపోయారు, ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. బిహార్ నుంచి, ఒడిశా నుంచి వచ్చిన కాంట్రాక్టు కూలీలు వాళ్లలో ఎందరో. తమ మనిషి ఆ పూట డ్యూటీలో ఉన్నాడా లేడా అని కుటుంబాలు గేటు దగ్గర అడుగుతూ నిలబడ్డాయి. హాజరు పట్టీ సరిగ్గా ఉండటం కూడా భద్రతేనని అక్కడ తెలుస్తుంది. ఎవరికి చెప్పుకోవాలో తెలియడమూ అంతే. పనిచోట ఆడవాళ్ల మీద జరిగే వేధింపులకు 2013 చట్టం ఉంది. పదిమంది లేని చోట జిల్లా స్థాయి స్థానిక కమిటీకి చెప్పుకోవచ్చు. మన బీడీ కార్ఖానాల గోడల మీద ఆ కమిటీ పేరూ ఫోను నంబరూ రాయించడానికి కలెక్టరేటుకు ఒక డబ్బా రంగు చాలు.

ఇక సాహిత్యం. కారా మాస్టారు కాళీపట్నం రామారావు 'యజ్ఞం' కథలో బాకీ తగవు పంచాయితీకి వస్తుంది. పెద్దలు కాగితాలు చూస్తారు, లెక్క కడతారు. లెక్క ప్రకారం బాకీ నిజమే. అన్యాయం లెక్క తప్పడంలో లేదు, లెక్క సరిగ్గా ఉండటంలోనే ఉందని అంత గట్టిగా చూపిన కథ తెలుగులో అరుదు. ఆ తర్వాత మనం కార్మికుడి గురించి చాలా రాశాం, గుమాస్తా పేదరికం గురించీ రాశాం. ఆ గుమాస్తా కలం ఎవరి పొట్ట కొట్టిందో మాత్రం, నేను చదివినంతలో, తక్కువగా రాశాం. బహుశా రాసేవాళ్లలో చాలామంది గుమాస్తాల ఇళ్ల నుంచే వచ్చారు గనుకనేమో.

పత్రసమర్పకులకు ఒక్క విన్నపం. కంపెనీ నియమావళులు చదివి వ్యాసం రాయడం ఎవరైనా చేస్తారు. అరిగిపోయిన బీడీ పాసుపుస్తకాలు, శక్కర్‌నగర్ క్వార్టర్లలో మిగిలిన జీతం చీటీలు, మిల్లు హమాలీల కూలి చీటీలు ఇంకా ఇళ్లలో ఉండవచ్చు. పాత కాగితాలవాడి కంటే ముందు మీరు వెళ్లండి. వాటి ఫోటోలు తీసి, ఆ మనిషి దగ్గరే కూర్చుని ఏ అంకె నిజం, ఏది కాదు అని అడిగి పక్కన రాసుకోండి. వచ్చే ఏటి సదస్సుకు అలాంటి పత్రాలు నాలుగు వచ్చినా మిగతా సమయమంతా వాటికే ఇద్దామని నిర్వాహకులను అడుగుతున్నాను. ఇప్పుడు మొదటి పత్రం చదవవలసినవారు వేదిక మీదికి రావాలి. మీకు ఇరవై నిమిషాలు. గడియారం నా చేతిలో ఉంది గాని, ఆ గోడ మీద ఇంకొకటి ఉంది, మీరూ చూసుకోవచ్చు.