ఎవరి ప్రశ్నకు మన ఓటు?

(పరకాలలో మహిళల సదస్సులో ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ఏ పెద్ద విషయమైనా ప్రజల్నే నేరుగా అడిగి తేల్చాలి, అదే అసలైన ప్రజాస్వామ్యం అని చాలామంది అంటారు. దాన్నే రెఫరెండం అంటున్నాం. స్త్రీలుగా మనం ముందు రెండు సంగతులు తేల్చుకోవాలి. ప్రశ్న తయారు చేసేదెవరు? జవాబు వచ్చాక అమలు చేసేదెవరు?

2016 జూన్ 23న బ్రిటన్ ప్రజల్ని యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని అడిగారు. 51.9 శాతం బయటికే అన్నారు. ఎలా రావాలో బ్యాలెట్ మీద లేదు. పార్లమెంటు అనుమతి లేకుండా ప్రభుత్వం ఆ పని మొదలుపెట్టకూడదని జినా మిల్లర్ అనే మహిళ కోర్టుకెక్కి, 2017లో సుప్రీంకోర్టులో గెలిచింది. బ్రిటన్ బయటపడేసరికి 2020 జనవరి 31 అయింది.

మన రాజ్యాంగంలో రెఫరెండం లేదు. అందుకే ఇక్కడ ఎన్నికలకే ఆ పేరు పెడతారు. హైదరాబాద్ రాష్ట్రాన్ని విడిగా ఉంచి, 1961 ప్రాంతంలో ఎన్నికలయ్యాక శాసనసభలో మూడింట రెండు వంతుల మంది ఒప్పుకుంటే ఆంధ్రతో కలపవచ్చని 1955లో రాష్ట్రాల పునర్వ్యవస్థీకరణ సంఘం చెప్పింది. ఆ గడువు రాకముందే, 1956లోనే కలిపేశారు. 1971లో తెలంగాణ ప్రజా సమితిని 10 లోక్‌సభ స్థానాల్లో గెలిపించినా రాష్ట్రం రాలేదు.

2012 జూన్‌లో మీ పరకాల ఉప ఎన్నికనూ రెఫరెండం అన్నారు. తెలంగాణ కావాలన్న టీఆర్ఎస్, బీజేపీ విడివిడిగా పోటీ చేశాయి. టీఆర్ఎస్ అభ్యర్థి మొలుగూరి బిక్షపతి, వైఎస్ఆర్ కాంగ్రెస్ అభ్యర్థి కొండా సురేఖపై 1,562 ఓట్ల తేడాతో గెలిచారు. 2014లో రాష్ట్రం వచ్చింది. ఆ ఆకాంక్ష న్యాయమైనదే. కానీ అదే ఓటుతో మన నీళ్లు, కూలి, ఆసుపత్రి, బెల్టు షాపు గురించి సభలో మాట్లాడే మనిషినీ ఎన్నుకోవాలి కదా! పెద్ద ప్రశ్న వచ్చిన ప్రతిసారీ ఆడవాళ్ల ప్రశ్నలు 'తర్వాత చూద్దాం' అయిపోతాయి.

1992లో నెల్లూరు జిల్లా స్త్రీలు ఎవరో అడిగేదాకా ఆగలేదు. సారా మాకొద్దని తామే లేచారు. 1993 అక్టోబరులో సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధాన్ని సడలించేటప్పుడు మాత్రం స్త్రీలను ఓటు అడిగిన వాళ్లు లేరు.

పక్కనున్న మహారాష్ట్రలో ఒక పద్ధతి ఉంది. ఊళ్లో మహిళా ఓటర్లలో నాలుగో వంతు కోరితే మద్యం దుకాణంపై రహస్య ఓటింగ్ పెడతారు. బ్యాలెట్ మీద రెండు బొమ్మలుంటాయి: నిలబెట్టిన సీసా, పడుకోబెట్టిన సీసా. సగానికి పైగా పడుకున్న సీసాకే వేస్తే దుకాణం మూత. ఇక్కడ ప్రశ్న వేసేదీ, జవాబు చెప్పేదీ, ఫలితం అనుభవించేదీ స్త్రీలే.

తెలంగాణ పంచాయతీల్లో సగం స్థానాలు మనకు రిజర్వయ్యాయి. ఇలాంటి నిబంధన మన చట్టంలోనూ రావాలని మీ ఊరి గ్రామసభలో తీర్మానం పెట్టండి. సర్పంచి మహిళ అయితే సంతకం ఆమే చేయాలి, ఆమె భర్త కాదు.