గోదావరి పేరు మారి సింధ్ అయింది: ఒక యుద్ధ నౌక కథ

హనుమాన్ జంక్షన్ నుంచి మాట్లాడుతున్నా. వెనకాల లారీ హారన్లు వినబడితే ఏమనుకోకండి, హైవే సెంటర్ కదా. ఇక్కడ్నించి అటు వెళ్తే కృష్ణ, ఇటు వెళ్తే గోదావరి. ఇవాళ ఎపిసోడ్ ఆ రెండు పేర్ల గురించే. నదులు కాదు, యుద్ధ నౌకలు!

రెండో ప్రపంచ యుద్ధం టైములో, అప్పటి రాయల్ ఇండియన్ నేవీ కోసం బ్రిటన్‌లో ఆరు స్లూప్‌లు కట్టారు. సట్లెజ్, జమున, నర్బదా, గోదావరి, కావేరి, కిస్ట్నా. కిస్ట్నా అంటే కృష్ణే, తెల్లోళ్ల నోట్లో అలా తిరిగింది. పాత రికార్డుల్లో మన జిల్లా కూడా కిస్ట్నా జిల్లానే.

స్లూప్ అంటే సరుకు ఓడలకి కాపలా కాస్తూ, సబ్‌మెరైన్లని వేటాడే ఓడ. పొడవు దాదాపు 300 అడుగులు, ఆరు 4 అంగుళాల ఫిరంగులు. స్పీడు 20 నాట్లు, అంటే గంటకి 37 కిలోమీటర్లు. మన స్కూటీ దాటేస్తుంది దాన్ని!

కానీ పని మామూలుగా చెయ్యలేదండి. 1944 ఆగస్టు 12న సీషెల్స్ దగ్గర మన గోదావరి, బ్రిటిష్ వాళ్ల ఫైండ్‌హార్న్ కలిసి యు-198 అనే జర్మన్ సబ్‌మెరైన్‌ని ముంచేశాయి. అందులో ఉన్న 66 మంది సిబ్బందిలో ఒక్కరూ బతకలేదు. కృష్ణేమో 1945లో బర్మా తీరంలో యుద్ధం చేసింది.

మూడేళ్లు తిరక్కుండానే దేశ విభజన. ఇంట్లో బిందెలు పంచుకున్నట్టు ఓడలు పంచుకున్నారు. ఆరింట్లో నాలుగు మనకి, రెండు పాకిస్తాన్‌కి. ఓడలే కాదు, నావికులు కూడా ఎటు వెళ్లాలో తేల్చుకోవాల్సి వచ్చింది. కృష్ణ ఇటు ఉంది, గోదావరి అటు వెళ్లింది. ఒకే జెండా కింద తిరిగిన ఓడలవి. 1947 అక్టోబరుకల్లా జునాగఢ్ గొడవలో పాకిస్తాన్‌కి వ్యతిరేకంగా మన నేవీ పోరుబందరుకి పంపిన ఓడల్లో కృష్ణ కూడా ఉంది. నాకు ఈ కథలో అన్నిటికంటే కష్టంగా అనిపించేది ఇదే.

1948లో పాకిస్తాన్ వాళ్లు పేర్లు మార్చేశారు. నర్బదా జీలం అయింది, గోదావరి సింధ్ అయింది. తప్పు పట్టలేం లెండి, కరాచీలో ఉండే ఓడకి గోదావరి అనే పేరు ఎవరుంచుకుంటారు? 1959లో దాన్ని తుక్కు కింద అమ్మేశారు. యు-198ని ముంచిన ఓడ అలా పోయింది.

మన నేవీలో గోదావరి పేరు 1983లో మళ్లీ వచ్చింది, ఈసారి బొంబాయి మజగావ్ డాక్‌లో కట్టిన ఫ్రిగేట్‌కి. అది 2015 దాకా పనిచేసింది. కృష్ణ పేరు మాత్రం ఇంకో రూట్లో వచ్చింది. ఫాక్‌లాండ్స్ యుద్ధంలో పాల్గొన్న బ్రిటిష్ ఫ్రిగేట్ ఆండ్రోమెడాని 1995లో మనం కొని, ఐఎన్ఎస్ కృష్ణ అని పెట్టుకున్నాం. మనమూ పేరు మార్చినవాళ్లమే!

ఆ ఆరింట్లో జమున కథ ఇంకా ఉంది. 1944 ఫిబ్రవరిలో మన వైజాగ్ దగ్గరే ఒక జపాన్ సబ్‌మెరైన్‌ని ముంచడంలో దానికీ చెయ్యుంది. అది వచ్చే ఎపిసోడ్‌లో చెప్పుకుందాం. ఉంటానండి మరి.