నీటిమీద నాలుగు రాత్రులు

నందికొట్కూరు నుండి పగిడ్యాల మీదుగా ముచ్చుమర్రి వైపు పోవువారికి, వానకాలము ముగియు దినములలో, పొలముల అంచున సముద్రమో యన్నట్లు నీరు కనబడును. అది శ్రీశైలము జలాశయపు వెనుకనీరు. ఆ గట్టున నిలిచి చూచినవారికి, ఈ నీటిమీదనే ఒక ఇల్లు కట్టుకొని నాలుగు దినములుండిన ఎంత బాగుండునని తోచుట సహజము. అట్టి కోరిక తీర్చుకొనుటకు ఈనాడు మన ప్రాంతములనుండి కూడ కొందరు మాల్దీవులకు పోవుచున్నారు. కొత్తగా పెండ్లియైన దంపతులు పోవుచున్నారు. దూరదేశములలో ఉద్యోగములు చేయు బిడ్డలు, తండ్రిగారి షష్టిపూర్తికని తల్లిదండ్రులను పంపుచున్నారు. ఖర్చు లక్షలలో నుండును గనుక, బయలుదేరుటకు ముందు తెలిసికొనదగిన సంగతులు కొన్ని నేడు మనవి చేయుదును.

మొదట ఒక ప్రశ్న. ఇంత నీరు ఇంటిముంగిట నుండగా ఆ ఇల్లు ఇక్కడనే ఏల కట్టుకొనరాదు? దీనికి సమాధానము తెలిసినచో, మాల్దీవులలో మనము దేనికి ధనమిచ్చుచున్నామో తేటపడును. శ్రీశైలము జలాశయపు నిండు మట్టము 885 అడుగులు. వేసవిలో అది 850 అడుగులకు దిగువకు పోవును. వానలు ముఖము చాటువేసిన ఏండ్లలో 810 అడుగుల దాపునకు దిగిన సందర్భములును కలవు. అనగా డెబ్బది యడుగులకు పైబడిన హెచ్చుతగ్గు. నిండు నీటికి మూరెడు ఎత్తున కట్టిన ఇల్లు చైత్రము నాటికి ఆరేడంతస్తుల మేడవలె బురదనేలమీద స్తంభములపై నిలిచియుండవలెను. పోనిండని తగ్గించి కట్టితిమా, శ్రావణ భాద్రపదములలో పైకప్పు కూడ కనబడదు.

ఇందుకు సంగమేశ్వరమే సాక్ష్యము. కొత్తపల్లె మండలమున, ఏడు నదులు కలియు చోటని పేరుగన్న ఆ క్షేత్రములో వేపమొద్దు శివలింగముగ పూజలందుకొనుచున్నది. ఏటేట నెలల తరబడి ఆ యాలయము నీటిలో నుండి, మట్టము 840 అడుగులకు దిగువకు పోయిన పిదప బయటపడును. నీరు పెరుగునప్పుడు అర్చకులు పడవలో పోయి శిఖరమునకే పూజ చేసి వత్తురు. సాక్షాత్తు పరమేశ్వరునికే నిలకడ దొరకని నీటిమీద విల్లా కట్టు సాహసి ఎవ్వడు?

మాల్దీవులలో సంగతి వేరు. అక్కడ సముద్రపు ఆటుపోటుల తేడా సుమారు మూడడుగులకు మించదు. ఆ దీవులు పగడపు దిబ్బలపై ఏర్పడినవి. దిబ్బ వలయాకారముగ నుండి, వెలుపలి కెరటములను విరుగగొట్టి, లోపలి నీటిని చెరువువలె నిశ్చలముగ నుంచును. ఇట్టి వలయమును ఆ దేశపు దివేహి భాషలో ‘అతోళు’ అందురు. ఆంగ్లేయులు ‘అటోల్’ అనునది దానినుండి పుట్టినదే. లోపలి నీరు చాలచోట్ల నిలువులోతు కూడ లేదు. అందుచేత స్తంభములు పాతి, వానిపై నివాసము నిర్మించి, మెట్లు నీటిలోనికి దింపుట సాధ్యమైనది. అక్కడ మనము కొనుచున్నది ఈ నిలకడను. నీరు మాత్రమే కావలసినవారికి మన కృష్ణలో కొదువలేదు.

ఈ పద్ధతి మాల్దీవులలో పుట్టినది కాదు. 1967లో పసిఫిక్ మహాసముద్రమున, ఫ్రెంచి పాలినేషియాలోని రాయటేయా దీవిలో ముగ్గురు అమెరికనులు తమ హోటలుకై మొట్టమొదట ఇట్టి కుటీరములను కట్టించిరి. అక్కడ మంచి ఇసుకతీరము లేదు. తీరము లేనిచోట అతిథులను నీటికి చేర్చుటెట్లని ఆలోచించి, గదినే నీటిమీదికి జరిపిరి. లోపమును కప్పిపుచ్చుటకు చేసిన ఉపాయము తరువాత భోగమునకు గుర్తైనది! మాల్దీవులలో మొదటి రిసార్టు 1972లో కురుంబా దీవిలో తెరచిరి. ఆనాడది కొబ్బరిచెట్ల నడుమ నున్న సాదా గదుల వరుస మాత్రమే. నీటి విల్లాలు ఆ దేశమునకు తరువాత వచ్చినవి. మన దేశమున కాశ్మీరపు దాల్ సరస్సులోను, కేరళ కాయలులలోను, మన కోనసీమలోని దిండివద్దను ఉన్నవి పడవ ఇండ్లు. అవి నీటితోపాటు లేచి, నీటితోపాటు దిగును.

ఇక ప్రయాణపు ఏర్పాట్లు. పగిడ్యాల నుండి కర్నూలు చేరినచో పెద్ద రహదారిమీద ఉత్తరముగ శంషాబాదు, దక్షిణముగ బెంగుళూరు విమానాశ్రయములు. టిక్కెట్టు ఎటు చవుకయో చూచుకొనవచ్చును. భారతీయులు ముందుగా వీసా తీసుకొననక్కరలేదు. దిగినచోట రుసుము లేకయే ఇత్తురు. తిరుగు టిక్కెట్టును, బసకు రుజువును చూపవలెను. ప్రయాణమునకు 96 గంటలలోపల ‘ఇముగా’ అను ప్రకటన పత్రమును ప్రభుత్వపు వెబ్‌సైటులో నింపవలెను. దీనికి రుసుము లేదు. రుసుమడుగు వెబ్‌సైటు కనబడినచో అది సర్కారుది కాదని గ్రహింపుడు. పాస్‌పోర్టు గడువు ఆరుమాసములకు తక్కువయున్నచో ముందుగనే మార్పించుకొనుట మేలు.

కాలమును గూర్చి తొందరపడరాదు. డిసెంబరు నుండి ఏప్రిలు వరకు అక్కడ పొడికాలము. ధరలు కూడ ఆ మాసములలోనే పైకెక్కును. మే నుండి నైరుతి ఋతుపవనములు వీచును, వాన, గాలి, కెరటములు హెచ్చును, ధరలు తగ్గును. మన పిల్లల వేసవి సెలవులు సరిగా ఈ రెంటి సంధిలో పడినవి. ఏప్రిలు తొలి పక్షమున పోగలవారు అదృష్టవంతులు. మే నెలలో పోవువారు రెండు దినములు వానకు విడిచిపెట్టి లెక్క వేసికొనవలెను.

అసలు లెక్క ఇచ్చట నున్నది. ప్రకటనలలో కనబడు ధర మీరు చెల్లించు ధర కాదు. ఒక ఉదాహరణ చెప్పుదును. గది వెల రాత్రికి 500 డాలర్లని వ్రాసినారనుకొందము. దానిపై నూటికి 10 చొప్పున సేవా రుసుము చేరి 550 అగును. ఆ మొత్తముపై 2025 జూలై నుండి నూటికి 17 చొప్పున అమలులోనున్న పర్యాటక పన్ను చేరి 643 డాలర్ల 50 సెంట్లగును. హరిత పన్ను రిసార్టులలో మనిషికి రాత్రికి 12 డాలర్లు, ఇద్దరికి 24. వెరసి 667 డాలర్ల 50 సెంట్లు. నాలుగు రాత్రులకు 2,670. ఐదువందలను నాలుగుతో హెచ్చవేసి రెండువేలని సంబరపడిన ఇంటి యజమానికి, ఇంకను అన్నము తినకముందే, 670 డాలర్లు అధికమైనవి. కొన్ని సంస్థలు పన్నులన్నియు కలిపియే ధర చెప్పును, కొన్ని చెప్పవు. “ఇందులో అన్ని పన్నులును చేరినవా?” అను ఒక్క ప్రశ్న వ్రాతమూలకముగ అడిగి, వ్రాతమూలకముగ జవాబు తీసికొనుడు.

తరువాతది దీవికి చేరుట. మాలే నగరపు విమానాశ్రయము నుండి దగ్గరి దీవులకు మరపడవ, దూరపు దీవులకు సీప్లేను. సీప్లేనుకు రాకపోకలు కలిపి మనిషికి 400 నుండి 600 డాలర్ల వరకు పట్టును. అంతేకాదు, అది పగటివేళ మాత్రమే ఎగురును. సాయంకాలము మాలేలో దిగు విమానమునకు టిక్కెట్టు కొన్నవారు, ఎంత గొప్ప విల్లా కొనియున్నను, ఆ రాత్రి మాలేలోనే వేరు బస చూచుకొనవలెను. చవుక టిక్కెట్టు ఖరీదైన రాత్రిని మింగివేయుట ఇట్లే జరుగును. మరపడవతో చేరదగిన దీవిని ఎన్నుకొన్నచో ఈ చిక్కు చాలవరకు తప్పును.

భోజనమును తేలికగా తీసికొనకుడు. ఒక దీవికి ఒకే రిసార్టు. బయట అంగడి లేదు, కాకాహోటలు లేదు. మంచినీటి సీసా మొదలు అన్నియు వారి వెలకే కొనవలెను. కావున మూడుపూటల భోజనము చేరిన ఏర్పాటే మనవారికి అనుకూలము. శాకాహారులు, ఉల్లి వెల్లుల్లి తిననివారు, ముందుగనే తెలియజేయవలెను. మద్యము, పందిమాంసము దేశములోనికి తీసికొనిపోరాదు. పూజకై తీసికొనిపోవు విగ్రహములు కూడ నిషిద్ధ వస్తువుల పట్టికలో నున్నవి. నిత్యపూజ చేయు పెద్దలకు ఈ సంగతి ఇంటిలోనే చెప్పుట మంచిది. విమానాశ్రయములో పెట్టె తెరచినప్పుడు తెలిసిన మనసు నొచ్చును.

టూరు కంపెనీవద్ద ప్యాకేజీ కొన్నచో ఆదాయపు పన్ను క్రింద కొంత సొమ్ము అప్పుడే వసూలు చేయుదురు. అది పోయిన సొమ్ము కాదు. రిటర్ను దాఖలు చేయునప్పుడు సర్దుబాటగును. రసీదు మాత్రము జాగ్రత్త.

ఇప్పుడు, ఎవరు పోవుచున్నారు అను విషయము. పసిపిల్లలున్నవారికి నీటి విల్లా తగదు. మెట్లు నేరుగా నీటిలోనికి దిగును. చాలచోట్ల కటకటాలు లేవు. కొన్ని రిసార్టులు పన్నెండేండ్లలోపు పిల్లలను వానిలోనికి అనుమతింపవు. ఈత రాని పెద్దలు కూడ లోతు తక్కువని ధైర్యపడరాదు. దిబ్బ అంచున ప్రవాహము బలముగ నుండును; రక్షణ చొక్కా లేనిదే దిగరాదు.

తల్లిదండ్రులను పంపువారికి మరియొక మాట. శ్రీశైలము ప్రాజెక్టుకు 1963లో నెహ్రూగారు శంకుస్థాపన చేసిరి. 1980 ప్రాంతమున నీరు నిలుపగా కృష్ణ ఇరుగట్లనున్న అనేక గ్రామములు మునిగినవి. కూడవెల్లి సంగమేశ్వరాలయమును రాతికి రాయి విప్పి అలంపురమునకు తరలించిరి. ఇండ్లను మాత్రము ఎవ్వరును తరలింపలేదు. ఆనాడు ఇరువది, ముప్పది యేండ్ల ప్రాయమున దూలములు, ద్వారబంధములు ఊడదీసి బండ్లమీద వేసికొని వచ్చినవారు నేడు వృద్ధులు. వారి బిడ్డలే ఇప్పుడు విదేశములనుండి టిక్కెట్లు పంపగలవారు. కొన్ని విల్లాలలో గది నడుమ గాజు నేల నుండును. దీపము వేసిన క్రింద నీరు, చేపలు కనబడును. పడుచువారికది వేడుక. తన ఇంటి నట్టింటిలోనికి నీరు వచ్చుట కన్నులార చూచిన ముసలితల్లికి అదే దృశ్యము రాత్రివేళ ఎట్లుండునో, ఆమె నడిగియే తెలిసికొనవలెను. “ఏమమ్మా, నీటిమీద పడుకొందువా, గట్టుమీద పడుకొందువా?” అని అడుగుటకు ఖర్చు లేదు. ఆమె ఉత్సాహముగ “నీటిమీదనే” యనవచ్చును కూడ. మనమే నిర్ణయించి ఆశ్చర్యపరతుమనుట నాకు సమ్మతము కాదు.

నన్నడిగినచో, నాలుగు రాత్రులును నీటిమీద గడపుట ధనమునకు తగిన ఫలము కాదందును. మొదటి రాత్రి ఆశ్చర్యము, రెండవ రాత్రి ఆనందము. మూడవనాడు మనుష్యుడు నేలకై వెదకును. రెండు రాత్రులు నీటి విల్లాలోను, రెండు రాత్రులు అదే దీవిలోని ఇసుకగట్టు విల్లాలోను ఉండుట చాలినంత. గట్టు విల్లా వెల సాధారణముగ తక్కువ. ఇంకను పొదుపు కోరువారు మాఫుషి వంటి జనావాస దీవులలో అతిథిగృహములను చూడవచ్చును. అక్కడి చిన్న గృహములలో హరిత పన్ను కూడ 6 డాలర్లే. అక్కడ మద్యము దొరకదు. వస్త్రధారణ మర్యాదగ నుండవలెను. ఆ దేశపు ప్రజలు ఎట్లు జీవించుచున్నారో కనబడునది అక్కడనే. వారి దీవులలో అధికభాగము సముద్రమునకు మూడు నాలుగడుగుల కంటె ఎత్తున లేవు. సముద్రమట్టము పెరుగుట వారికి వార్త కాదు, ఇంటి సమస్య. వారితో మాటాడినచో మన ముంపు గ్రామముల వారికి చెప్పుకొనుటకు చాల నుండును.

ఇంత ఖర్చు పెట్టలేనివారు, పెట్టనొల్లనివారు వేసవిలో సంగమేశ్వరమునకు పోవచ్చును. కర్నూలులో గాని, నందికొట్కూరులో గాని బస చేసి, ఉదయమే బయలుదేరవలెను. నీడ కరువు, ఎండ తీవ్రము. నీరున్న కాలమున పడవలో పోదలచినవారు 2007లో మంచాలకట్ట వద్ద పడవ మునిగి అనేకులు ప్రాణములు కోల్పోయిన సంగతి మరువరాదు. రక్షణ చొక్కాలు లేని పడవ, కిక్కిరిసిన పడవ, ఎంత తొందరయున్నను ఎక్కరాదు. పత్రికలలో శ్రీశైలము నీటిమట్టము ప్రకటించుచుందురు. అది 840 అడుగులకు పైన నున్నచో ఆలయము నీటిలోనే యుండును గనుక, ఆ వారము ప్రయాణము వాయిదా వేసికొని, మరల అంకె చూచుకొని బయలుదేరుడు.