ఆరుబయట పాట

 

అబిడ్స్‌లో చదువుకున్న మనకు ఆరుబయట కచేరీ కొత్త కాదు. పబ్లిక్ గార్డెన్స్‌లో లలిత కళాతోరణం ఉంది. అదే తోటలో 1938లో మొదలై, 1946లో నాంపల్లి మైదానానికి మారిన నుమాయిష్ ఉంది. జనవరి చలిలో మఫ్లర్లు చుట్టుకుని పాట విన్నవాళ్లమే మనమంతా.

ఇంజినీరుగా ఒక్క మాట. హాల్లో గోడలు పాటకు సాయం చేస్తాయి. బయట ఆ సాయం ఉండదు. దూరం రెట్టింపయిన ప్రతిసారీ ధ్వని దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. వెనకవాళ్ల కోసం వేదిక దగ్గర సౌండ్ పెంచితే ముందువాళ్లకు చెవులు దద్దరిల్లుతాయి. దానికి బదులు మైదానం మధ్యలో మరో జత స్పీకర్లు పెట్టి, తక్కువ సౌండ్‌తో పలికించాలి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు వెళుతుంది. కాబట్టి 34 మీటర్ల అవతలి స్పీకర్ సెకనులో పదో వంతు ఆలస్యంగా పలకాలి. లేకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపిస్తుంది. పాడేవాళ్లకు తమ గొంతు తమకు వినపడేలా ఎదురుగా మానిటర్ కావాలి. మంచుకు మృదంగం చర్మం సడలుతుంది. పాటకూ పాటకూ మధ్య శ్రుతి చూసుకునే వ్యవధి ఇవ్వాలి.

ఇదంతా ఎందుకంటే, మన బడి వార్షికోత్సవంలో పిల్లలు ఇప్పుడు రికార్డుకు పెదవులు కదుపుతున్నారు. బయట వాయిస్తే వినపడదట! స్వర్ణోత్సవ కానుకగా సంఘం ఆ స్పీకర్లూ మానిటర్లూ కొనివ్వాలని నా మనవి. పిల్లలు వాయించి పాడాలి. చట్టం ప్రకారం రాత్రి 10కి మైకు కట్టేద్దాం. ఆలోగా చివరి వరసలో కూర్చున్న మాస్టార్లకు ప్రతి మాటా వినపడాలి.