పట్టాలో పేరుంటే చాలా?

బస్తీ స్త్రీలకు శిక్షణ అంటే చట్టం వివరించి, అధికారుల ముందు ధైర్యంగా మాట్లాడించడమే అనుకునేదాన్ని. 2015 నాటి ప్రధానమంత్రి ఆవాస్ యోజన ప్రకారం ఇల్లు స్త్రీ పేరున గానీ, ఉమ్మడిగా గానీ ఉండాలని ఈమధ్య హైదరాబాదులో ఉత్సాహంగా చెప్తున్నాను. ఇళ్ళల్లో పనిచేసే ఒకామె లేచింది. "పేరు నాదే మేడం. ఊరవతల ఇల్లిస్తే పనికెట్ల పోవాలె? బస్సు ఫ్రీనే, పోయిరాను మూడు గంటలు ఎవరిస్తరు?"

నా దగ్గర జవాబు లేదు.

1985లో ఓల్గా టెల్లిస్ కేసులో, జీవనోపాధి కూడా జీవించే హక్కులో భాగమేనని సుప్రీంకోర్టు అంది. కానీ బొంబాయి పేవ్‌మెంట్ వాసుల్ని ఖాళీ చేయించడం తప్పనలేదు. ఈ రెండో మాటను మన శిక్షణల్లో ఎందుకో దాటేస్తాం.

ఇప్పుడు వినతిపత్రం కంటే ముందు పనిచోటికి, బడికి, రేషన్ షాపుకు పట్టే సమయం వాళ్ళచేతే లెక్క కట్టిస్తున్నాం. అధికారి ముందు ఆ కాగితం చదివేది వాళ్ళే. మేం వెనక కూర్చుంటాం. అది మాకంత తేలిగ్గా అలవాటు కాలేదు.