మా సంఘం నుంచి ఒక నర్సమ్మ

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో మా సంఘం తరఫున చెప్పిన మాటలు)



మాది పది మంది సంఘం. ప్రతి ఏడాదీ ఈ సభలో పొదుపు ఎంత, అప్పు ఎంత, రికవరీ ఎంత అని లెక్క చదివి కూర్చుంటాం. ఈసారి ఒకే ఒక అప్పు గురించి మాట్లాడమన్నారు. అది గేదె అప్పు కాదు, కుట్టుమిషను అప్పు కాదు. ముప్పై రెండేళ్ల వయసులో ఒక సభ్యురాలు నర్సు చదవడానికి మేము ఇచ్చిన అప్పు. తన పేరు పుస్తకంలో వేయొద్దంది. అందుకని మా చెల్లి అనే చెప్తాం.

మా చెల్లి తొమ్మిదో తరగతిలో బడి మానేసింది. ఆ ఎండాకాలంలోనే పెళ్లి చేశారు. ఇద్దరు పిల్లలు పుట్టాక అత్తకు పక్షవాతం వచ్చింది. ఆసుపత్రిలో ఉన్న పది రోజుల్లో ఒక నర్సమ్మ తనకు ఒక పని నేర్పింది. కదలలేని మనిషిని రెండు గంటలకోసారి పక్కకు తిప్పాలి, వీపు తుడిచి ఆరనివ్వాలి, దుప్పటి ముడతలు లేకుండా పరవాలి, అప్పుడే పుండు పడదు అని. మా చెల్లి రాత్రిళ్లు అలారం పెట్టుకుని మరీ తిప్పింది. పదకొండు నెలలు మంచంలో ఉన్నా ఆ ముసలామె వీపు మీద ఒక్క పుండు పడలేదు. ఆ తర్వాత ఊళ్లో ఎవరు మంచాన పడ్డా మా చెల్లినే పిలిచేవాళ్లు.

ఒకనాడు మీటింగులో అందరం సంతకాలు పెట్టి లేస్తుంటే, "అక్కా, నేను నర్సు చదువుతా" అంది. మేము నవ్వాం. ఆ మాట దాచిపెట్టడం లేదు, నవ్వాం. అప్పటికి తను టెన్త్ కూడా పాస్ కాలేదు.

అయినా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. మా సంఘంలో టెన్త్ లేనివాళ్లం అందరమూ. తనతోపాటు ఇంకో ఇద్దరం ఓపెన్ స్కూల్లో టెన్త్‌కి కట్టాం. ఈ మాటలు రాస్తున్న లీడరు కూడా ఆ ముగ్గురిలో ఒకరు. ఓపెన్ టెన్త్‌కి పద్నాలుగేళ్లు నిండితే చాలు, పై వయసుకు హద్దు లేదు. సెలవు రోజుల్లో హైస్కూల్లో క్లాసులు చెప్తారు. పాసైన సబ్జెక్టు పాసైనట్టే ఉంటుంది, మిగిలినవి ఐదేళ్లలోపు మళ్లీ రాసుకోవచ్చు. ముగ్గురం కలిసి ఒకే ఆటోలో వెళ్లొచ్చేవాళ్లం. మా పిల్లలు చదివే బెంచీల మీద మేము కూర్చుంటే మోకాళ్లు పట్టేవి కావు. మేమిద్దరం టెన్త్‌తో ఆగాం. మా చెల్లి ఆగలేదు, ఓపెన్ ఇంటర్ కూడా పూర్తి చేసింది. అప్పుడు వచ్చి అప్పు అడిగింది.

ఇక్కడ గొడవ మొదలైంది. అది కూడా మీకు చెప్పాలి.

దానికి కొన్నేళ్ల ముందు మా సంఘంలోనే ఒకామె కూతురి నర్సు ట్రైనింగ్ కోసమని ముప్పై వేలు అప్పు తీసుకుంది. టౌన్లో పెద్ద బోర్డు, తెల్ల డ్రెస్సు, ఏడాదిలో సర్టిఫికెట్ అన్నారు. తీరా ఉద్యోగానికి పోతే ఆ సర్టిఫికెట్ నర్సింగ్ కౌన్సిల్లో చెల్లదన్నారు. రిజిస్ట్రేషన్ లేదు కాబట్టి ఆ పిల్ల నర్సు కాదన్నారు. డబ్బు పోయింది, ఏడాది పోయింది. ఆ తల్లి నారు నాటి, కలుపు తీసి ఇరవై నెలలు ఆ అప్పు కట్టింది. అందుకని మా చెల్లి అడగ్గానే సగం మంది వద్దన్నారు. మాలో అందరికన్నా పెద్దామె, "గేదెకిస్తే పాలిస్తుంది, దూడనిస్తుంది. ఈ వయసులో చదువుకిస్తే ఏమొస్తుంది? చివరికి మనమే కట్టాలి" అంది. ఆమె మాటలో తప్పు లేదు. ఆ డబ్బు పది మంది కూలి డబ్బు.

ఆ రోజు తీర్మానం రాయలేదు. ముందు తెలుసుకుని వద్దాం అనుకున్నాం. ముగ్గురం బస్సెక్కి జిల్లా వైద్య ఆరోగ్య శాఖ ఆఫీసుకు వెళ్లాం. అక్కడ కూర్చుని అడిగి రాసుకున్నది ఇది. జీఎన్ఎం కోర్సు మూడేళ్లు. ఇంటర్ పాసై ఉండాలి. చేరే నాటికి పదిహేడేళ్లు నిండాలి, ముప్పై ఐదు దాటకూడదు. ఏఎన్ఎం కోర్సు రెండేళ్లు. కాలేజీకి నర్సింగ్ కౌన్సిల్ గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి. చదువయ్యాక రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్లో పేరు రిజిస్టర్ కావాలి, అప్పుడే నర్సు.

ముప్పై ఐదు అనే మాట విన్నాక బస్సులో ఎవరం మాట్లాడలేదు. మా చెల్లికి అప్పటికి ముప్పై రెండు. ఇంకో మూడేళ్లు మేము 'చూద్దాం, చూద్దాం' అని ఉంటే ఆ తలుపు మూసుకుపోయేదే.

తర్వాతి మీటింగులో తీర్మానం రాశాం. అప్పు ఒక్కసారిగా ఇవ్వం, ఏడాదికి ఇంత అని ఇస్తాం. మొదటి ఏడాది నలభై వేలు, తర్వాత రెండేళ్లు ముప్పై ఐదు వేల చొప్పున, మొత్తం లక్షా పది వేలు. నూటికి రూపాయి వడ్డీ. చదువుకునేటప్పుడు వడ్డీ మాత్రమే కట్టాలి, ఉద్యోగం వచ్చాక అసలు మొదలవుతుంది. డబ్బు ఆమె చేతికి కాదు, కాలేజీ ఫీజుకే కట్టి రసీదు ఫైల్లో పెడతాం. పెద్దామె చివరగా వేలిముద్ర వేసింది, మనసు లేకుండానే.

చదువు తేలిక కాలేదు. హాస్టల్లో ఉండాలన్నారు. అక్కడ అందరూ పద్దెనిమిదేళ్ల పిల్లలు. మొదటి నెల తనను ఆంటీ అన్నారు, తర్వాత అక్కా అన్నారు. ఇంట్లో ఎనిమిదో తరగతి కూతురు, ఐదో తరగతి కొడుకు. ఆయన ఆటో తోలతాడు. ముందు "ఊళ్లో నలుగురూ ఏమనుకుంటారు" అన్నాడు. తర్వాత అన్నం వండటం నేర్చుకున్నాడు, కూర మాత్రం ఇప్పటికీ రాలేదు. మేము వంతులేసుకున్నాం. సోమ, మంగళవారాలు ఒక ఇంటి నుంచి కూర, బుధ, గురువారాలు ఇంకో ఇంటి నుంచి. ఎవరమూ పుణ్యం కోసం చేయలేదు. మా అప్పు మునిగిపోకూడదని కూడా చేశాం.

అన్నిటికన్నా కష్టం ఇంగ్లీషు. మాకు ఎముక అంటే ఎముకే. అక్కడ తొడ ఎముకను ఫీమర్ అనాలి, భుజం రెక్కను స్కాపులా అనాలి. సెలవులకు వచ్చినప్పుడు పొయ్యి పక్క గోడ మీద సుద్దముక్కతో రాసుకునేది. కూతురు అడిగేది, తల్లి చెప్పేది. ఆ ఇంటికి పోతే మాకు కూడా నాలుగు పేర్లు వచ్చేశాయి.

మొదటి ఏడాది అనాటమీలో ఫెయిలైంది. అదే వారం కొడుకుకు జ్వరం. సెలవు పెట్టి వచ్చింది. మీటింగుకు వచ్చి తల దించుకుని, "అక్కా, మీ అప్పు తిన్నా, ఫెయిలయ్యా. ఇక మానేస్తా. ఇప్పటిదాకా తీసుకున్నది కూలికి పోయి కడతా" అంది. ఎవరికీ మాట రాలేదు. అప్పుడు మాట్లాడింది వద్దన్న పెద్దామే. "ఒక ఈత తప్పిందని గేదెను కబేళాకు తోలతామా? మళ్లీ చూలు కట్టిస్తాం. పో, రాసుకో" అంది. అందరం నవ్వాం. మా చెల్లి ఏడ్చింది. సప్లిమెంటరీ రాసి పాసైంది.

రెండో ఏడాది సంక్రాంతికి వచ్చినప్పుడు బీపీ మిషను తెచ్చింది. మీటింగులో వరుసగా కూర్చోబెట్టి అందరికీ చూసింది. 120 మీద 80 ఉంటే మంచిదని చెప్పింది. మా రెండో లీడరుకు 180 మీద 110 చూపించింది. మళ్లీ పది నిమిషాలు కూర్చోబెట్టి చూసింది, అంతే ఉంది. ఆమె తలనొప్పి అని కొట్లో మాత్రలు కొనుక్కుని మింగుతూ ఉండేది. మా చెల్లి, "నేను మందు చెప్పను, చెప్పే హక్కు నాకు లేదు. ఇప్పుడే పీహెచ్‌సీకి పదండి" అని తనే తీసుకుపోయింది. డాక్టరు గారు మందు మొదలుపెట్టారు. ఇప్పుడు ఆమె రోజూ వేసుకుంటుంది, నెలకోసారి చూపించుకుంటుంది. అలాంటి బీపీతో పక్షవాతం వస్తుందని మాకు అప్పుడు తెలిసింది. మా చెల్లి అత్తకు వచ్చింది కూడా అదే కదా. లక్షా పది వేలు ఎక్కడికి పోయాయని ఎవరైనా అడిగితే మేము మా రెండో లీడరును చూపిస్తాం.

ఇప్పుడు మా చెల్లి చదువు అయింది, కౌన్సిల్లో రిజిస్టరైంది. టౌన్లో ఒక ఆసుపత్రిలో పని చేస్తోంది. అంతా బంగారం అని చెప్పం. జీతం పన్నెండు వేలు. నైట్ డ్యూటీలు, కాళ్ల వాపులు. గవర్నమెంటు పోస్టుకు దరఖాస్తు పెట్టింది, ఇంకా రాలేదు. అసలులో నెలకు మూడు వేలు, దానిపైన వడ్డీ కడుతోంది. ఏడు కిస్తీలు కట్టింది, ఇంకా ఎనభై తొమ్మిది వేలు ఉంది. ఒక్క కిస్తీ తప్పలేదు.

అక్కలారా, ఆడవాళ్లు పెద్దయ్యాక పలక పట్టడం మనకు కొత్త కాదు. మన నెల్లూరు జిల్లా దూబగుంటలో 1992 ప్రాంతంలో ఆడవాళ్లు రాత్రిపూట అక్షరాలు నేర్చుకుంటూ, పుస్తకంలో సీతమ్మ కథ చదివి, సారా కొట్టు మూయించారు. 1993లో రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఆ ఊపులోంచే పొదుపు ఉద్యమం లేచింది. ఇప్పుడు మనం ఇక్కడ కూర్చున్నది అందువల్లే. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారికి ఎనిమిదేళ్లకే పెళ్లి చేశారు. ఆమె ఉప్పు సత్యాగ్రహంలో జైలుకు వెళ్లొచ్చాక మెట్రిక్ రాసి, లా దాకా చదివారు. 1937లో మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టారు. బడి మానేసిన పెద్ద ఆడవాళ్లు తక్కువ కాలంలో చదువు పూర్తి చేసే కోర్సులు 1958లో కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డు ద్వారా మొదలైనప్పుడు ఆ బోర్డు నడిపింది ఆమే.

మన పంచసూత్రాలు అందరికీ నోటికి వచ్చు. తర్వాత చేర్చిన ఐదు సూత్రాల్లో ఆరోగ్యం ఉంది, చదువు ఉంది. మీ సంఘంలో ఎవరైనా ఇలా అడిగితే మా అనుభవం మీద నాలుగు మాటలు చెప్తాం.

మొదటిది, వయసు చూడండి. ముప్పై ఐదు దాటకముందే కాలేజీలో చేరాలి. టెన్త్, ఇంటర్ లేకపోతే వాటికి పట్టే ఏళ్లు కూడా కలిపి లెక్క వేయండి. ముప్పై దగ్గర పడినవాళ్లు ఈ ఏడాదే ఓపెన్ స్కూల్లో కట్టాలి. ఆ ఏడాది నోటిఫికేషన్ చదివించుకుని, మీ ఓపెన్ ఇంటర్‌తో సీటు ఇస్తారా అని ముందే అడగండి.

రెండోది, కౌన్సిల్ గుర్తింపు కాగితం చూడకుండా ఒక్క రూపాయి కట్టొద్దు. ఆరు నెలల కోర్సు, ఏడాది కోర్సు చేసి రోగుల దగ్గర సాయంగా ఉండే పని చెడ్డది కాదు. కానీ దాన్ని నర్సు కోర్సు అని చెప్పి డబ్బు అడిగితే లేచి వచ్చేయండి.

మూడోది, అప్పు ఇచ్చి ఊరుకోవద్దు. ఆ ఇంటి పొయ్యి ఎవరు చూస్తారు, పిల్లలను ఎవరు చూస్తారు అన్నది కూడా తీర్మానంలో రాయండి. మేము రాశాం కాబట్టే నిలబడింది.

నాలుగోది, వయసు దాటిన మనలాంటి వాళ్లం. మాకు ఆ తలుపు మూసుకుపోయింది. అయినా టెన్త్ ఉంటే, ఊళ్లో ఖాళీ వచ్చినప్పుడు ఆశా కార్యకర్తగా అడగొచ్చు. దానికి ఇరవై ఐదు నుంచి నలభై ఐదేళ్ల వరకు తీసుకుంటారు. అదీ కాకపోతే మంచాన పడ్డ మనిషిని రెండు గంటలకోసారి తిప్పడం ఎవరైనా నేర్చుకోవచ్చు. మా చెల్లి మా పది మందికీ నేర్పింది.

పోయిన నెల మీటింగులో ఇంకో సభ్యురాలు, వయసు ఇరవై తొమ్మిది, ఓపెన్ టెన్త్ ఫీజుకు అప్పు అడిగింది. ఈసారి ఎవరమూ నవ్వలేదు. పెద్దామె, "ముందు కాగితాలు చూసి రండి" అంది. బస్సు చార్జీలకు డబ్బు కూడా తనే తీసి ఇచ్చింది.