పేడ మనది, సబ్సిడీ ఎప్పుడు?

మా బైరెడ్డిపల్లె పక్క పాడి ఆవుల్లేని ఊరు లేదు. పేడంతా దిబ్బలోకే పోతోంది. నాలుగైదు ఆవులుంటే, రోజుకు 50 కిలోల పేడతో 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంటు నడుస్తుంది. చిన్న కుటుంబానికి వంటగ్యాస్, మల్బరీ తోటకు స్లర్రీ ఎరువు.

2022 నవంబరులో కేంద్రం జాతీయ బయోఎనర్జీ కార్యక్రమం ప్రకటించింది. మొదటి దశకు 858 కోట్లు. చిన్న ప్లాంట్లకు సైజును బట్టి 9,800 నుంచి 70,400 రూపాయల దాకా సాయం.

మెలిక ఏంటంటే, ముందు మనమే కట్టుకోవాలి. ప్లాంటు పనిచేస్తోందని తేలాకే సబ్సిడీ. పాలబిల్లుతో బతికే ఇంటికి అది పెద్ద భారం. అందుకే గుంత తవ్వకముందే నెడ్‌క్యాప్ వాళ్లను అడగండి: ఈ ఏడాది కోటా ఉందా? ఏ మోడల్‌కి? డబ్బు ఎప్పుడు?